తొలి తెరచాప పోటీకి వెళ్తున్న మనవరాలికి

యానాం

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

వచ్చే నెల కాకినాడ తీరంలో జరిగే పోటీలో లేజర్ అనే చిన్న తెరచాప పడవను ఒక్కదానివే నడపబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సెలవుల్లో ఇక్కడి గౌతమిలో నా కళ్ళెదుటే నేర్చుకున్నావు కాబట్టి పడవ నడపడం నీకు వచ్చు. పోటీలో నడపడం మాత్రం వేరే విద్య కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా తెరచాప సంగతి. 5.76 చదరపు మీటర్ల తెరచాపే కావాలని పట్టుబడుతున్నావట. మన దేశం నుంచి తెరచాప పడవల పోటీలో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి మహిళ నేత్రా కుమనన్ టోక్యోలోనూ, పారిస్‌లోనూ ఆ తెరచాపతోనే పోటీ చేసింది కాబట్టి నీ కోరిక నాకు అర్థమవుతోంది. అయితే తెరచాప కొయ్య, చుక్కాని కలపకుండానే పడవ సుమారు 59 కిలోలు ఉంటుంది; గాలి పెరిగినప్పుడు దానిని ఒరగకుండా నిలిపేది నీ ఒంటి బరువు ఒక్కటే. ఇంకా యాభై కిలోలు దాటని నీవు ఈ ఏడాదికి 4.7 చదరపు మీటర్ల తెరచాపనే కట్టుకో. పెద్ద తెరచాపతో పెనుగులాడే వారికి చుట్టూ చూసే తీరిక ఉండదు, పోటీలో చుట్టూ గమనించడమే సగం బలం.

నా తొలి పోటీ కూడా కాకినాడలోనే జరిగింది. ఆ రోజు గాలి దక్షిణం నుంచి వీస్తోంది, పోటు నీరు ఉత్తరం నుంచి లోపలికి ఎక్కుతోంది. పోటీ మొదలయ్యే ముందు చివరి నిమిషంలో తెరచాప వదులుచేసి, పడవ నిలిచే ఉందనుకొని జెండా వైపే చూస్తూ కూర్చున్నాను. నీరు నన్ను మెల్లగా గాలికి ఎదురుగా మోసుకుపోతున్నదని గమనించలేదు. హారను మోగేసరికి నా పడవ ముక్కు బయలుదేరే గీతకు రెండు బారల ముందుంది. వెనక్కి వచ్చి మళ్ళీ గీత దాటేటప్పటికి మిగిలిన తెరచాపలన్నీ దూరమైపోయాయి. అందుకే చెబుతున్నాను, బయలుదేరే గీత దగ్గరికి అరగంట ముందే చేరుకో. బోయాకు, అంటే నీటి మీద తేలే గుర్తుకు, కట్టిన లంగరు తాడును దగ్గరగా చూస్తే, తాడును ఒరుసుకుంటూ వెళ్ళే నీరు ఒక పక్కన సన్నని తోకలా సాగుతూ ఉంటుంది. ఆ తోక ఎటు చూపిస్తే నీరు అటు నడుస్తున్నట్లు. ఇక్కడ మన నాటు పడవల వాళ్ళు పాటుకు ఎదురు వెళ్ళేటప్పుడు నడిగౌతమిని వదిలి ఒడ్డు వారనే ఎందుకు పోతారో నీకు చూపించాను కదా. లోతులో నీరు జోరుగానూ, మెరక దగ్గర నెమ్మదిగానూ నడుస్తుందన్న ఆ ఒక్క సంగతే సముద్రపు పోటీలోనూ పనికివస్తుంది.

తరువాత గీత మధ్యలో పడవ ముక్కును సూటిగా గాలికి ఎదురు పెట్టి, తెరచాపను రెపరెపలాడనిచ్చి చూడు. ముక్కు ఏ చివరి వైపు మొగ్గుతుందో ఆ చివర గాలికి దగ్గర. అనుభవం ఉన్నవారంతా అక్కడే గుమిగూడుతారు. నీవు ఆ గుంపులోకి పోవద్దు. ఆ చివరికి కొంచెం ఎడంగా, ఇతరుల తెరచాపలు నీ గాలిని అడ్డుకోని చోట, వేగంతో గీత దాటడమే తొలి పోటీలో నీ పని. గీత ఒక చివర బయటికి వెళ్ళి, రెండో చివర మీదుగా ఒడ్డున కనిపించే తాటిచెట్టునో, నీళ్ళ ట్యాంకునో గుర్తుపెట్టుకో. ఆ రెండూ ఒకే వరుసలోకి వచ్చినప్పుడు నీవు గీత మీద ఉన్నట్లు. మొదటి జెండా 5 నిమిషాల ముందు, రెండోది 4 నిమిషాల ముందు ఎగురుతాయి. 1 నిమిషం ఉందనగా రెండోదాన్ని దించుతారు, సరిగ్గా సమయానికి మొదటిదాన్ని దించుతారు. హారను వినబడినా వినబడకపోయినా జెండానే ప్రమాణం.

నియమాలలో రెండు నోటికి వచ్చి ఉండాలి. గాలి ఎడమ పక్కన తగులుతున్న పడవ, కుడి పక్కన తగులుతున్న పడవకు దారి ఇవ్వాలి. ఇద్దరికీ ఒకే పక్క తగులుతుంటే గాలి వైపున ఉన్నవారే తప్పుకోవాలి. దారి ఇవ్వకపోతే వెంటనే పక్కకు వెళ్ళి రెండు చుట్లు తిరుగు, పోటీ దారిని చూపే మార్కును తాకితే ఒక చుట్టు. ఎవరూ చూడలేదని ఊరుకోవడం నాకు ఎన్నటికీ ఇష్టం లేదు.

ఎదురుగాలిలో జోరు తగిలినప్పుడు ముందు ఒళ్ళు బయటికి వాల్చు. చాలకపోతే తెరచాపను లాగి పట్టే తాడైన మెయిన్‌షీటును జానెడు వదులు, పడవ నిటారుగా కాగానే మళ్ళీ లాగు. ఒరిగిన పడవ చుక్కానితో కొట్లాడుతూ వేగం పోగొట్టుకుంటుంది. వెనుకగాలిలో డ్యాగర్‌బోర్డును, అంటే పడవ నడుమ నుంచి నీళ్ళలోకి దిగే పలకను, సగం పైకి తీస్తే చాలు. పడవ ఊగడం మొదలైతే దానిని కొంచెం దించి, తెరచాపను కాస్త లోపలికి లాగు.

కాకినాడ నీరు చాలాచోట్ల లోతు తక్కువ, అడుగున మన గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. పడవ పూర్తిగా తలకిందులైతే కొయ్య కొస ఆ బురదలో దిగబడుతుంది. అప్పుడు డ్యాగర్‌బోర్డు మీద నిలబడి బలంగా తొక్కితే కొయ్య వంగిపోతుంది కనుక, పడవను పట్టుకొని రక్షణ పడవను పిలువు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు. నీళ్ళలోకి దించే ముందు వెనుక పలకలోని బిరడా బిగించావో లేదో వేలితో తడిమి చూడు.

వచ్చే ఆదివారం పోటు ఎక్కే వేళకు ఇక్కడి రేవు దగ్గర రెండు ప్లాస్టిక్ డబ్బాలకు లంగరు కట్టి గీత సిద్ధం చేసి ఉంచుతాను. ఐదు నిమిషాల లెక్కతో పదిసార్లు బయలుదేరి చూద్దాం. చేతి గడియారం తప్పక తెచ్చుకో.

నీ తాతయ్య