దేవుని పాటలే పాడతానంటున్న అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి బీకామ్ ఆఖరి సంవత్సరం. చిన్నప్పటి నుంచి చర్చి క్వాయర్‌లో పాడుతోంది. తనే పాటలు రాసి బాణీ కట్టుకుంటుంది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వద్దు, దేవుని పాటలే పాడుకుంటానంటోంది. మొదటి పాటకు మ్యూజిక్, వీడియో కలిపి లక్షన్నర అడుగుతున్నారు. మావారు ససేమిరా అంటున్నారు. దేవుడిచ్చిన తలాంతును (వరాన్ని) వాడకుండా పాతిపెట్టినవాళ్లమవుతామేమోనని నాకు భయం. ఏం చేయమంటారు?

జవాబు: పాడనివ్వండమ్మా. లక్షన్నర మాత్రం ఇప్పుడు కట్టొద్దు. పాడటానికీ ఆ డబ్బుకూ సంబంధం లేదు.

నాకున్న టెన్షన్ డబ్బు గురించి కాదు. ఇల్లు గడిచే భారం కూడా ఆ పాట మీదే పెడితే, వ్యూస్ రాని రోజున దేవుడే తనను వద్దన్నాడని అమ్మాయి అనుకుంటుంది. అలా కుంగిపోయి పాడటమే మానేసిన పిల్లలను చూశాను. బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు. ఆయన పిలుపు అందువల్ల తగ్గలేదు కదా. బీకామ్ చదివిన అమ్మాయికి అకౌంట్స్ ఉద్యోగం దొరుకుతుంది. సాయంత్రాలు, ఆదివారాలు పాటకే ఇవ్వొచ్చు.

యూట్యూబ్ మీద ఆశ పెట్టుకున్నారేమో, లెక్క చూడండి. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్ లెక్క వేరు). నాలుగు నిమిషాల పాటైతే చివరిదాకా 60,000 సార్లు వినాలి. అక్కడికి చేరితే ఆదాయం మొదలవుతుందంతే, జీతమంత వస్తుందని కాదు.

ఇక నేర్చుకోవడం. క్వాయర్‌లో పాడిన గొంతుకు ధైర్యం ఉంటుంది, సాధన వేరే కావాలి. మీ ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే తీసి చూడండి, చాలా కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివారు కర్ణాటక సంగీతం తెలిసి రాసినవి అవి. వాటిలో కొన్నింటిని గురువు దగ్గర రాగం తెలుసుకుంటూ పాడితే, సొంత బాణీలు కూడా మారిపోతాయి. విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, తెనాలి నుంచి రైల్లో వెళ్లిరావచ్చు. కోర్సులు, వేళలు అక్కడే అడగండి. డిప్లొమా ఉంటే రేపు సంగీతం నేర్పి కూడా బతకొచ్చు.

మొదటి రికార్డింగ్ ఆ పాత కీర్తనల్లో ఒకటే అయితే మంచిది. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటితే సాహిత్యానికి కాపీరైట్ ఉండదు. కీబోర్డు, తబలా చాలు. ఈ మధ్య వచ్చిన పాటలు అలా కాదు. ఆరాధనలో పాడితే చట్టం అభ్యంతరపెట్టదు, అదే పాట రికార్డు చేసి ఛానెల్‌లో పెట్టాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. ఇంకొకరి కరోకే ట్రాక్ వాడినా అంతే.

అన్నిటికంటే ముఖ్యం, కాగితం. మన సంఘాల్లో "దేవుని సేవే కదా, కాగితాలెందుకు" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. సేవ అనుకుంటే మరింత స్పష్టంగా రాసుకోవాలి. అమ్మాయి రాసిన మాటల మీద, కట్టిన బాణీ మీద హక్కు ఆమెదే, సంతకం పెట్టి ఇచ్చేస్తే తప్ప. రికార్డింగ్ మీద హక్కు మాత్రం నిర్మాతది. డబ్బు మీరు పెడుతున్నారు కాబట్టి నిర్మాత మీరేనని రాయించుకోవాలి. పాట ఎవరి ఛానెల్‌లో పెడతారు, వచ్చే ఆదాయం ఎవరికి, మ్యూజిక్ చేసినవారికి ఇచ్చేది ఒకసారి మొత్తమా లేక వాటానా, గొంతు, వాయిద్యాల విడివిడి ట్రాకులు చేతికిస్తారా, ఇవన్నీ అందులో ఉండాలి. డబ్బు మీది, ఛానెల్ వాళ్లది అయితే పాట మీ చేతిలో ఉండదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత గాయకులకూ రాయల్టీ హక్కు ఉంది. రచయిత, స్వరకర్తగా ఆమె ఐపీఆర్ఎస్‌లో (రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ) సభ్యత్వానికి కూడా అడగొచ్చు.

కూడికలకు, సెమీ క్రిస్మస్ ప్రోగ్రాములకు పిలిచినప్పుడు రానుపోను ఖర్చు ముందే మాట్లాడుకోండి. అడగటం అవిశ్వాసం కాదు. ఆడపిల్ల రాత్రిపూట తిరిగి రావాలి, తోడు ఎవరో, బండి ఎవరిదో తేలాలి. డిసెంబరులో రోజుకు రెండు మూడు చోట్ల పాడించి గొంతు పాడుచేసుకోనివ్వకండి.

మీవారితో ఇలా చెప్పండి: రెండేళ్లు ఉద్యోగం, సంగీతం రెండూ. జీతంలో కొంత వేరే ఖాతాలో వేసి, ఆ డబ్బుతోనే పాటలు చేయాలి. అప్పు, బంగారం తాకట్టు వద్దు. నేర్చుకుంటున్న తలాంతు పాతిపెట్టినట్టు కాదమ్మా, ఆ భయం వదిలేయండి. లక్షన్నర అడిగినవారిని మాత్రం ముందు ఒప్పందం కాగితం చూపించమనండి. చూపించకపోతే అడ్వాన్సు ఇవ్వకండి, ఇంకో స్టూడియో చూసుకోండి.