ఏసీ పని సీజన్ పనేనా? పన్నెండు నెలలూ పని ఉండే చోటు గురించి నా అనుభవం

మీ తమ్ముడికి ఐటీఐలో ఏసీ, రిఫ్రిజిరేషన్ ట్రేడులో సీటొచ్చింది. "నాలుగు నెలలు పని, ఎనిమిది నెలలు ఖాళీ" అని ఎవరో భయపెట్టారు. అందుకని ఏడాది పొడవునా గిరాకీ ఉండే వేరే కోర్సేదైనా ఉందా అని అడిగారు.

భయపెట్టినవాళ్లు అబద్ధం చెప్పలేదు. నేనూ అదే ట్రేడు పూర్తిచేసి 2011లో విజయవాడలో ఇళ్లకి ఏసీలు బిగించే షాపులో చేరాను. ఉగాది దాటిందంటే అన్నం తినడానికి తీరిక ఉండేది కాదు. రోజుకి ఎనిమిది తొమ్మిది ఇళ్లు. మూడో అంతస్తు కిటికీలోంచి నడుముకి తాడు కట్టుకుని దిగి అవుట్‌డోర్ యూనిట్ బిగించిన రోజులున్నాయి. మృగశిర కార్తెకి నాలుగు చినుకులు పడితే ఊరంతా హమ్మయ్య అనుకునేది, మా గుండెల్లో మాత్రం రాయి పడేది. శ్రావణమాసానికల్లా షాపు మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకోవడమే. సగం జీతం చేతిలో పెట్టి "సంక్రాంతి వెళ్లనీరా, చూద్దాం" అనేవాడు ఓనరు. ఎండాకాలంలో వెనకేసింది దసరాకి కరిగిపోయేది, అక్కణ్ణుంచి చేబదుళ్లు. రెండేళ్లు ఇదే వరస.

2013 ఆగస్టులో ఐటీఐ సీనియర్ ఒకాయన ఫోన్ చేశాడు. "భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో కంప్రెసర్ ఆపరేటర్ కావాలిరా, నైట్ డ్యూటీ, వస్తావా?" 2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్య పెంచడానికి అనుమతి వచ్చాక ఆ పక్కంతా చెరువులు, వాటి వెనకే ప్లాంట్లు పెరుగుతున్న కాలం అది. ఏసీలు తెలిసినవాణ్ణే కదా అని ధీమాగా వెళ్లాను. మొదటి రోజే తేలిపోయింది నా పరిజ్ఞానం ఏపాటిదో. అక్కడ గ్యాసు అమ్మోనియా. రాగిని తినేస్తుంది కాబట్టి గొట్టాలన్నీ స్టీలే. రాగి గొట్టం అతకడంలో నాకున్న పేరు అక్కడ చిల్లిగవ్వకి కొరగాలేదు.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్తాను, మీ తమ్ముడికి చదివి వినిపించండి. గంటగంటకీ లాగ్ బుక్ రాయాలి: సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాసు ఒత్తిడి), డిశ్చార్జి ప్రెషర్ (దాన్నుంచి బయటికెళ్లే గ్యాసు ఒత్తిడి), ఆయిల్ ప్రెషర్, మోటారు లాగే కరెంటు. వేసవిలో డిశ్చార్జి 200 పీఎస్‌ఐ దరిదాపుల్లోకి వస్తే ఆ వేడి గ్యాసుని చల్లార్చే కండెన్సర్ మీద నీళ్లు సరిగా పడుతున్నాయా, ఎక్కడైనా గార పట్టిందా అని చూసుకోవాలి. అమ్మోనియా మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. రొయ్యల్ని గడ్డకట్టించే ప్లేట్ ఫ్రీజర్‌కి మైనస్ 40 కావాలి. అంటే సక్షన్ వైపు వాక్యూమ్‌లో, అదే బయటి గాలి కంటే తక్కువ ఒత్తిడిలో నడుస్తుంది, ఏ సందు దొరికినా బయటి గాలి లోపలికి దూరుతుంది. దాన్ని పర్జ్ చేసి, అంటే బయటికి తోసేసి, వదలకపోతే ప్రెషర్ పెరిగి కరెంటు బిల్లు మండుతుంది. ఇది నాకు పుస్తకం చెప్పలేదు, రాత్రి రెండు గంటలకి సీనియర్ తిట్టి నేర్పాడు. సక్షన్ పైపు మీది మంచు మెల్లగా కంప్రెసర్ బాడీ మీదికి పాకి, చప్పుడు మారిందంటే లోపలికి గ్యాసు బదులు లిక్విడ్ వచ్చేస్తోందని గుర్తు. ఇప్పుడు నేను నిద్రమత్తులో ఉన్నా ఆ చప్పుడు తేడా పట్టేస్తాను. మా ఆవిడకి ఇంట్లో ఫ్రిజ్ శబ్దం గురించి కూడా లెక్చరిస్తానని కంప్లైంటు.

ఇక మీరు అడిగిన గిరాకీ సంగతి. కోర్సు అదే, సర్టిఫికెట్ అదే, మారింది పనిచేసే చోటు. ఇంట్లో ఏసీ ఆగితే ఫ్యాన్ వేసుకుని "రేపు రండి" అంటారు. కోల్డ్ స్టోరేజీలో మెషీన్ ఆగితే యజమానికి ఆ రాత్రి నిద్ర ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మా దగ్గర ఆర్డర్లు తగ్గి, రొయ్యల తలకాయలు ఒలిచే ఆడవాళ్లకి షిఫ్టులు కోసేశారు. పాపం, వాళ్లది రోజుకూలీ. కంప్రెసర్లుండే ప్లాంట్ రూమ్‌లో మాత్రం ఒక్క మనిషిని తగ్గించలేదు. సరుకు అమ్ముడుపోకపోతే మైనస్ 18లో ఇంకా ఎక్కువ రోజులు ఉంచాలి కదా! గుంటూరులో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తే హమాలీలకి సీజన్ ఉంది, ఆ టిక్కీలున్న గది చల్లగా ఉంచేవాడికి లేదు. పాల డెయిరీల సంగతి చెప్పక్కర్లేదు, గేదె పండక్కి సెలవు పెట్టదు. ఆసుపత్రులు, మందుల కంపెనీల్లో అమ్మోనియా బదులు నీటి చిల్లర్లు (నీళ్లని చల్లబరిచే మెషీన్లు) ఉంటాయి. అక్కడ పని శుభ్రంగా ఉంటుంది, జీతం కూడా మెరుగే అంటారు.

చేదు కూడా చెప్పాలి. పన్నెండు నెలల పనంటే సంక్రాంతి రోజు కూడా డ్యూటీయే. పదమూడేళ్లలో నేను భోగి మంట దగ్గర నిలబడింది మూడుసార్లు. ఎండాకాలంలో ఏసీ కుర్రాడు నెలకి సంపాదించేంత నాకు మొదటి నాలుగేళ్లూ రాలేదు. జీతం నెమ్మదిగా పెరుగుతుంది, కానీ ఒకటో తారీఖు తప్పదు. బ్యాంకువాడు నాకు ఇంటి లోను ఇచ్చింది ఆ ఒకటో తారీఖుని చూసే.

ప్రమాదమూ ఉంది. ఒకసారి వాల్వ్ గ్లాండ్ (వాల్వ్ కాడ చుట్టూ ఉండే సీలు) దగ్గర అమ్మోనియా లీకైతే కళ్లు మండి గోడ పట్టుకుని నడిచాను. మాస్కులున్న బీరువాకి తాళం, తాళంచెవి మేనేజరు దగ్గర, ఆయనేమో ఇంట్లో. ఆ ప్లాంటు మానేసి ఇంకోచోట చేరడానికి ఆ రాత్రే కారణం. ఇప్పుడు ఎక్కడికి ఇంటర్వ్యూకి వెళ్లినా ముందు మాస్కులు ఎక్కడ తగిలించారో చూస్తాను, జీతం మాట తర్వాత.

కాబట్టి సీటు వదులుకోవద్దు. రెండేళ్ల కోర్సు అవ్వగానే ఇళ్ల ఏసీల షాపు కాకుండా డెయిరీలోనో కోల్డ్ స్టోరేజీలోనో అప్రెంటిస్‌గా చేరమనండి. స్టైపెండ్ తక్కువని మీ ఇంట్లో గొణుగుతారు, ఓర్చుకోండి. లీకు వెతకడానికి గంధకం పుల్ల వెలిగించి జాయింట్ దగ్గర పెడతారు, అమ్మోనియా తగిలితే తెల్లటి పొగ లేస్తుంది. అది ఒక్కసారి కళ్లారా చూసి, ఆ ఘాటుకి వెనక్కి పరిగెత్తకుండా "ఎందుకలా?" అని అడిగితే కుర్రాడు పనికొస్తాడు. భీమవరం చుట్టుపక్కలే ఉంటే ఓ రాత్రి తీసుకురండి, మా ఇన్‌చార్జిని అడిగి ప్లాంట్ రూమ్ చూపిస్తాను. ఫుల్ ప్యాంటు, బూట్లు వేసుకు రమ్మనండి, చెప్పులతో లోపలికి రానివ్వరు.