కొట్టివేసింది దేన్ని?

సందేహం: చిత్తూరు కోర్టు దగ్గర అర్జీలు రాసిపెడుతుంటాను. మొన్న ఒక తల్లి పత్రిక ముక్క పట్టుకుని వచ్చింది. ‘హత్య కేసులో యావజ్జీవం: హైకోర్టు కొట్టివేత’ అని శీర్షిక. “కొట్టివేశారట కదా నాయనా, మావాడు ఎప్పుడు వస్తాడు?” అని అడిగింది. లోపల చదివితే కొట్టివేసింది కొడుకు వేసిన అప్పీలును. ఈ మాటను ఇలా వాడవచ్చా? అప్పీలును పునర్విచారణ అనవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: ఆ తల్లి తప్పుగా చదవలేదు. ఇక్కడ తిరుపతిలో మా వీధి అంగడి ఖాతా పుస్తకమే చూడండి. బాకీ తీరగానే షావుకారు పద్దు మీద అడ్డగీత గీస్తాడు. పద్దు కొట్టివేయడం అంటే అదే. కలంతో ‘కొట్టడం’ గీత గీయడం; ‘వేయు’ చేరితే ఆ పని పూర్తయిందని, ఇక దాని ఊసు లేదని. కొట్టివేస్తే బరువు దిగినట్టే. ఈ అర్థంతో పెరిగిన మనిషి ‘యావజ్జీవం... కొట్టివేత’ అని చదివితే, శిక్ష మీద గీత పడిందనే అనుకుంటుంది.

తప్పు రాసినవారిది. కొట్టివేయు సకర్మక క్రియ; దేనిని అన్నది చెప్పకుండా నిలబడదు. అప్పీలును కొట్టివేస్తే మనిషి జైలులోనే ఉంటాడు, శిక్షను కొట్టివేస్తే ఇంటికి వస్తాడు. తేడా అంతా కర్మపదంలో ఉంది. శీర్షికలో చోటు చాలదని ముందుగా తీసేసేది దాన్నే!

అందుకే అప్పీలు విషయంలో ‘తోసిపుచ్చింది’ అనీ, శిక్ష విషయంలో ‘రద్దు చేసింది’ అనీ రాయమంటాను. ‘యావజ్జీవ శిక్షను సమర్థించిన హైకోర్టు’ అని ఉంటే ఆ తల్లి మీ దగ్గరికి ఆ ప్రశ్నతో వచ్చేది కాదు. ‘తీర్పును తోసిపుచ్చింది’ అని కొందరు రాస్తున్నారు గాని నాకు రుచించదు. తోసిపుచ్చడం వినతికీ వాదనకూ తగిన మాట. కింది కోర్టు తీర్పు వినతి కాదు. శిక్ష నిలుపుదలను ‘రద్దు’ అనడం మరో పొరపాటు. అప్పీలు తేలేదాకా శిక్ష అమలును ఆపడమే అది. దోషి అన్న నిర్ధారణ అలాగే ఉంటుంది.

అప్పీలు పునర్విచారణ కాదు. అప్పీలు విన్న కోర్టు, కేసును మళ్లీ విచారించమని కింది కోర్టుకు పంపితే అది పునర్విచారణ. అప్పీలు ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది, ఉంచండి. ముద్దాయి మాత్రం విచిత్రమైన మాట. అరబ్బీలో దావా వేసినవాడు, మన దగ్గర దావాలో చిక్కినవాడు. వాడుక అర్థాన్ని అంతగా తలకిందులు చేయగలదు కాబట్టే కోర్టు వార్తల్లో ఇంత జాగ్రత్త కావాలి.

ఇక ఆ తల్లి సంగతి. హైకోర్టు తోసిపుచ్చాక, రాజ్యాంగం 136వ అధికరణం కింద, పైకి అప్పీలు చేసుకోవడానికి సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి కోరవచ్చు. గడువు మామూలుగా తీర్పు తేదీ నుంచి 90 రోజులు. గెలిచామనుకుని ఎదురుచూస్తూ కూర్చుంటే కరిగిపోయేవి ఆ రోజులే. అక్కడికి కొత్తగా వకాల్తా ఇవ్వాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేదని ఆమె వెనుదిరగనక్కరలేదు: 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, నిర్బంధంలో ఉన్న మనిషి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హుడు. జైలులో ఉన్నవాడికి తీర్పు ప్రతిని ఉచితంగా అందించాలని సుప్రీంకోర్టు 1978లోనే హోస్కట్ కేసులో చెప్పింది.

ఆమె మళ్లీ వస్తే ముందు తీర్పు తేదీ కనుక్కోండి. ఆ రోజే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ రాసిపెట్టండి. అందులో ‘హైకోర్టు నా కుమారుడి అప్పీలును తోసిపుచ్చింది’ అని రాయండి. ‘అప్పీలును’ అన్న మాట వదిలిపెట్టకండి.