ఈరీ సరస్సులో వసంతకాలపు స్మాల్‌మౌత్ వేట: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మేము ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటున్నాం. గత సంవత్సరం మే మొదటి వారంలో నేనూ, మా బావమరిదీ ఈరీ సరస్సుపై పడవలో రెండు రోజులు తిరిగాం. ఒడ్డు వెంట ఉన్న రాళ్ల దగ్గరల్లా గాలం వేసినా ఒక్క స్మాల్‌మౌత్ బాస్ కూడా పడలేదు. అవే రాళ్ల దగ్గర జూన్‌లో ఇతరులకు బాగా పడ్డాయని తరువాత తెలిసింది. ఇంత పెద్ద సరస్సులో వసంతకాలంలో ఈ చేపలను ఎక్కడ వెతకాలి? ఏ ఎర వాడాలి?

సమాధానం: ఆ రెండు రోజుల్లో నీటి ఉష్ణోగ్రత ఎంత ఉన్నదో మీరు రాయలేదు. నా అనుమానమంతా అక్కడే ఉంది. మీరు వెళ్లిన చోటులో తప్పు లేదు, చేపల కంటే మీరే కొన్ని వారాలు ముందుగా అక్కడికి చేరుకున్నారు. చలికాలమంతా లోతైన నీటిలో దాదాపు కదలకుండా గడిపే స్మాల్‌మౌత్, నీరు వేడెక్కుతున్న కొద్దీ అంచెలంచెలుగా ఒడ్డు వైపు వస్తుంది. ఆ ప్రయాణాన్ని నడిపించేది ముఖ్యంగా నీటి వేడి కాబట్టి, క్యాలెండరును నమ్ముకుని బయలుదేరినవారు వట్టి చేతులతో తిరిగి రావడం మామూలే.

ఈరీ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. సుమారు 388 కిలోమీటర్ల పొడవున్న ఈ సరస్సులో వసంతం అన్ని చోట్లా ఒకేసారి రాదు. టొలీడో వైపున్న పడమటి భాగం సగటు లోతు 24 అడుగులే కనుక అది ముందుగా వేడెక్కుతుంది. బఫెలో వైపున్న తూర్పు భాగం 210 అడుగుల లోతు వరకు పోతుంది, పైగా గాలికి కొట్టుకువచ్చే మంచుగడ్డలు అక్కడే పేరుకుంటాయి. అవి నయాగరా నదిలోకి పోకుండా 1964 నుంచి ప్రతి చలికాలంలోనూ నది ముఖద్వారం వద్ద తేలే అడ్డుకట్ట ఒకటి కడుతున్నారు. ఆ మంచు కరిగి అడ్డుకట్ట తీసేనాటికి కొన్ని సంవత్సరాల్లో ఏప్రిల్ కూడా గడిచిపోతుంది. అందువల్ల పడమటి భాగంలోని ద్వీపాల దగ్గర చేపలు గుడ్లు పెట్టే గూళ్లకు సిద్ధమవుతున్న రోజునే బఫెలో దగ్గరి చేపలు ఇంకా లోతులోనే ఉండవచ్చు. మీ ప్రాంతం ఈ రెండింటికీ మధ్యన పడుతుంది.

వేడిని బట్టి చేపల స్థానాన్ని స్థూలంగా ఇలా అంచనా వేయవచ్చు. నీరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉన్నంత కాలం అవి లోతును పెద్దగా వదలవు. 48 నుంచి 55 డిగ్రీల మధ్య, గుడ్లు పెట్టబోయే మెరక (లోతు తక్కువైన) ప్రాంతాలకు వెలుపల, నేల ఒక్కసారిగా లోతుకు దిగే మొదటి అంచు దగ్గర గుమిగూడతాయి. పన్నెండు నుంచి పాతిక అడుగుల లోతులో రాళ్ల గుట్ట ఉండి, దానికి ఒక పక్క ఒడ్డు వైపు సాగే గులకరాళ్ల మెరక, మరో పక్క లోతైన నీరు ఉంటే, నా దృష్టిలో ఏడాది మొత్తంలో అంతకు మించిన చోటు లేదు. చలికాలపు ఆకలితో, కడుపులో గుడ్లతో ఉన్న పెద్ద ఆడచేపలు అక్కడ దొరుకుతాయి, ఒకటి పడితే దాని చుట్టుపక్కల మరికొన్ని ఉన్నాయనే అర్థం. నీరు 60 డిగ్రీలకు దగ్గరైనప్పుడు మగచేపలు మెరక నీటికి చేరి గూళ్లు కడతాయి. జూన్‌లో ఒడ్డు పక్కన అందరికీ పడిన చేపలు ఇవే అయి ఉంటాయి.

కాబట్టి పడవ ఎక్కగానే గాలం తీయకండి. మొదటి గంట మ్యాపు, సోనారు (ధ్వని తరంగాలతో నీటి అడుగును చూపే పరికరం), థర్మామీటరు ముందు పెట్టుకుని తిరగండి. సరస్సు సగటు వేడి మీకు అక్కరలేదు, చుట్టూ ఉన్న నీటి కంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండి, లోతుకు ఆనుకుని ఉన్న నీరు కావాలి. రేవుల లోపల, ఇసుక దిబ్బలు కాచే అఖాతాలలో, ఎండ పొద్దంతా పడే ఒడ్డున అలాంటి నీరు దొరుకుతుంది. పెన్సిల్వేనియాలోని ప్రెస్క్ ఐల్ అఖాతం బయటి సరస్సు కంటే ముందుగా వేడెక్కడానికి కారణం ఇదే.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి, చాలామంది మరచిపోయేది దీన్నే. సరస్సు మీది నుంచి ఒడ్డుకు వీచే గాలి పైపొరలోని వెచ్చని నీటిని ఒడ్డుకు చేరుస్తుంది. ఒడ్డు నుంచి లోపలికి బలంగా వీచే గాలి ఆ వెచ్చని పొరను తోసుకుపోయి, దాని స్థానంలో అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తుంది. నిన్న పడిన చోట నేడు పడకపోతే ఎరను తిట్టుకునే ముందు థర్మామీటరు చూడండి. పెద్ద గాలి తరువాత పడమటి భాగంలో నీరు బురదగా మారడం, దానికి టొలీడో వద్ద సరస్సులో కలిసే మామీ నది తెచ్చే ఒండ్రు తోడవడం కూడా మామూలే. స్మాల్‌మౌత్ కంటి చూపుతో వేటాడే చేప కాబట్టి బురద నీటిని వదిలి, తేట నీరు మొదలయ్యే అంచుకు పోవాలి. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి: 50 డిగ్రీల నీటిలో పడిన మనిషికి ఊపిరి అందదు, చేతులు త్వరగా మొద్దుబారతాయి, పైగా లోతు తక్కువైన ఈ సరస్సులో అలలు చూస్తుండగానే నిటారుగా లేస్తాయి. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటిమీద ఉండాలి.

ఎర సంగతికి వస్తే, 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో మొదటిసారి కనిపించిన రౌండ్ గోబీ అనే చిన్న చేప ఈరీతో సహా అయిదు పెద్ద సరస్సులైన గ్రేట్ లేక్స్ అంతటా వ్యాపించి, ఇక్కడి స్మాల్‌మౌత్‌కు ముఖ్యమైన ఆహారమైంది. దానికి గాలితిత్తి లేనందున నీటి మధ్యలో తేలలేదు, అడుగునే అంటిపెట్టుకుని చిన్న చిన్న గెంతులతో కదులుతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే ఎరను ఎలా ఆడించాలో సగం తెలిసినట్లే. ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో మూడున్నర అంగుళాల ట్యూబును (గొట్టం ఆకారపు మెత్తని ప్లాస్టిక్ ఎర) పది పదిహేను గ్రాముల సీసపు తల ఉన్న గాలానికి తొడిగి, పడవను గాలికి నెమ్మదిగా వదిలి, అడుగున రాళ్లకు తగులుతూ ఈడ్చుకురావాలి. పడవ వేగం ఎక్కువైతే సీసం నేలను వదిలేస్తుంది, అప్పుడు ఎంత మంచి ట్యూబయినా గోబీలా కనిపించదు. చేప ఒక్కోసారి గట్టిగా లాగదు, లైను కాస్త బరువెక్కినట్లు మాత్రమే అనిపిస్తుంది, ఆ అనుమానం రాగానే రాడ్డు ఎత్తాలి.

నీరు ఇంకా 50 లోపే ఉంటే నీటి మధ్యలో నిలిచి ఉండే సన్నని జెర్క్‌బెయిట్ (చిన్న చేప ఆకారపు గట్టి ఎర) బాగా పనిచేస్తుంది. రెండు కుదుపులు ఇచ్చి, అయిదారు సెకన్లు, అవసరమైతే పది సెకన్లు కదపకుండా ఉంచాలి. చేప ఎక్కువగా పట్టుకునేది ఆ నిశ్చలంలోనే, కానీ ఓపిక పట్టలేక మనం ముందే లాగేస్తాం. ఏడు అడుగుల స్పిన్నింగ్ రాడ్డు, సన్నని బ్రెయిడ్ (అల్లిన) లైను, దాని చివర ఎనిమిది పౌండ్ల బలమున్న, నీటిలో అంతగా కనిపించని ఫ్లోరోకార్బన్ లైను ఉంటే పై రెండు పద్ధతులకూ సరిపోతుంది.

ప్రశ్న: గూళ్లపై ఉన్న చేపలను పట్టడం తప్పా? చట్టం ఏమంటుంది?

సమాధానం: గులకరాళ్లను తోకతో ఊడ్చి గూడు కట్టేదీ, గుడ్లనూ పిల్లలనూ కాచేదీ మగచేపే. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మన చెరువుల్లో కొర్రమీను తన పిల్లల గుంపును విడవకుండా కాచుకోవడం చూసినవారికి ఈ కాపలా ఎంత పట్టుదలగా ఉంటుందో చెప్పనక్కరలేదు. అది ఆకలి లేకున్నా గూటి దగ్గరికి వచ్చిన దేన్నైనా కొరుకుతుంది కనుక దాన్ని పట్టడంలో నైపుణ్యం ఏమీ లేదు. పైగా దాన్ని నీటి నుంచి తీసిన కొద్ది నిమిషాల్లోనే చుట్టుపక్కల గోబీలు గూటిలోకి చొరబడి గుడ్లు తినేస్తాయి. గూడు కనిపిస్తే వదిలిపెట్టి, కాస్త లోతుకు పోయి ఇంకా గూళ్లకు రాని చేపలను వెతకమనే నా సలహా. తెలియక పట్టినట్లయితే ఫొటోల కోసం ఆగకుండా అక్కడికక్కడే వదిలేయండి.

చట్టం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మీ ఒహాయోలో ఈరీ సరస్సుకు మే 1 నుంచి జూన్ చివరి వారం వరకు రోజుకు ఒక్క బాస్‌ను మాత్రమే, అదీ 18 అంగుళాలకు తగ్గకుండా ఉంటేనే ఉంచుకోనిస్తారు. మిషిగన్‌లో పట్టి వెంటనే వదిలేయడానికి ఏడాది పొడవునా అనుమతి ఉన్నా, ఇంటికి తీసుకుపోవడానికి వేరే తేదీలు ఉన్నాయి. సరస్సులో గీత కనిపించకపోయినా ఉత్తరపు సగం కెనడాది, అక్కడ గాలం వేయాలంటే ఒంటారియో లైసెన్సు కావాలి. బయలుదేరే ముందు ఆ సంవత్సరపు నిబంధనల పుస్తకాన్ని చూసుకోవాలి.

ప్రశ్న: పడినది స్మాల్‌మౌతో, లార్జ్‌మౌతో ఎలా గుర్తుపట్టాలి?

సమాధానం: నోరు మూసి చూడండి. పై దవడ చివర కంటి వెనుక అంచును దాటిపోతే లార్జ్‌మౌత్, దాటకపోతే స్మాల్‌మౌత్. లార్జ్‌మౌత్ పక్కన తల నుంచి తోక వరకు నల్లని పట్టీ అడ్డంగా సాగుతుంది, స్మాల్‌మౌత్ కంచు రంగు ఒంటిపై చారలు నిలువుగా ఉంటాయి. అన్నట్లు, పేరులో బాస్ ఉన్నా ఈ రెండూ శాస్త్రీయంగా సన్‌ఫిష్ కుటుంబానికి చెందినవే.