శుక్లం ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు: ఏది ఎప్పుడు ఆపాలి?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. 12 రోజుల కిందట కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేసి లెన్స్ పెట్టారు. రెండు రకాల చుక్కలు రాశారు. ఒకటి మోక్సిఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్. రెండు వారాలు వేసి ఆపేయమన్నారు. రెండోది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, తర్వాత వారానికి ఒకటి చొప్పున తగ్గిస్తూ ఆరు వారాలు వేయమన్నారు. చూపు బాగానే ఉంది, ఎరుపు కూడా లేదు, ఇంకా స్టెరాయిడ్ ఎందుకని అమ్మ ఆపేస్తానంటోంది. స్టెరాయిడ్ అంటే నాకూ టెన్షన్‌గానే ఉంది. దానివల్ల షుగర్ పెరుగుతుందా? చుక్కలు వేసిన కాసేపటికి గొంతులో చేదుగా ఉంటోందట. రెండూ ఒకేసారి వేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆపొద్దమ్మా. అమ్మగారికి చూపు బాగుండటం మంచి విషయం. కానీ స్టెరాయిడ్ చుక్కలు ఎప్పుడు ఆపాలన్నది చూపును బట్టో ఎరుపును బట్టో ఇంట్లో తేల్చుకునేది కాదు. చీటీలో రాసిన లెక్క ప్రకారం ఆవిడ ఇప్పుడు రెండో వారంలో ఉన్నారు, అంటే రోజుకు ఐదుసార్లు పడాలి. ఐదు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి మూడుకు దిగాలి తప్ప ఒక్కసారిగా సున్నాకు రాకూడదు. అలాగే చివరి వారం పూర్తయ్యాక ఒక్క రోజు కూడా సొంతంగా పొడిగించకూడదు. ముందే ఆపేయడం ఎంత తప్పో, గడువు దాటాక వేసుకుంటూ పోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఈ రెండు సీసాల పనీ వేరు, ఆపే పద్ధతీ వేరు. శుక్లం ఆపరేషన్‌లో సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్ల కోత పెడతారు. చాలామందికి కుట్టు కూడా అవసరం ఉండదు, అది తనంతట తానే మూసుకుంటుంది. అది గట్టిపడేదాకా క్రిములు లోపలికి వెళ్లకుండా చూడటం యాంటీబయాటిక్ పని. కనుగుడ్డు లోపల ఇన్‌ఫెక్షన్ రావడం చాలా అరుదు, వెయ్యి ఆపరేషన్లలో ఒకరికి కూడా రాకపోవచ్చు. కానీ వస్తే చూపే పోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ మందును చెప్పినన్ని రోజులూ చెప్పినన్నిసార్లు వేసి, గడువు రాగానే పూర్తిగా ఆపేయాలి. మెల్లగా తగ్గించడం అనేది దీనికి లేదు. స్టెరాయిడ్‌ను తగ్గించమన్నారు కదా అని కొందరు రెండు సీసాలనూ కలిపి తగ్గించేస్తారు. యాంటీబయాటిక్ రోజుకు ఒకటో రెండో చుక్కలకు దిగితే క్రిములను చంపేంత బలం ఉండదు, పైగా అవి ఆ మందుకు లొంగకుండా తయారయ్యే అవకాశం ఉంటుంది.

ఇక స్టెరాయిడ్. ఆపరేషన్ ఎంత సాఫీగా జరిగినా కంటికి అది గాయమే. మసకబారిన పాత లెన్స్‌ను లోపలే ముక్కలు చేసి తీస్తారు, ఆ చోట కొత్త లెన్స్ కూర్చోబెడతారు. దానికి కన్ను వాపుతో స్పందిస్తుంది. ఈ వాపు రెప్ప మీద కనిపించే వాపు కాదు, కంటి లోపలి నీటిలో ఉంటుంది. స్లిట్ ల్యాంప్ అనే మైక్రోస్కోప్‌లో సన్నని కాంతి వేసి చూస్తే ఆ నీటిలో కణాలు నలకల్లా తేలుతూ మాకు కనిపిస్తాయి. అద్దంలో చూసుకుంటే కన్ను తెల్లగా, మామూలుగానే ఉంటుంది. అందుకే ఎరుపు లేదన్నది ఆపడానికి కారణం కాదు. మధ్యలో మానేస్తే అణిగి ఉన్న వాపు మళ్లీ పైకి లేస్తుంది. వెలుతురు చూడలేకపోవడం, కన్ను సలపడం, చూపు మసకబారడం మొదలవుతాయి. అప్పుడు మళ్లీ మొదటి నుంచి ఎక్కువ చుక్కలతో ప్రారంభించాల్సి రావచ్చు.

అమ్మగారి విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. శుక్లం ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య కొందరికి రెటీనా (కంటి వెనకవైపు ఉండే, దృశ్యాన్ని పట్టుకునే పొర) మధ్య భాగంలో నీరు చేరి వాపు వస్తుంది. బాగా కనిపిస్తున్న చూపు మెల్లగా మసకేస్తుంది, అక్షరాలు వంకరగా కనిపించవచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, అందులోనూ షుగర్ వల్ల రెటీనా ముందే దెబ్బతిన్నవాళ్లలో ఇది ఎక్కువ. అందుకని షుగర్ ఉన్నవాళ్లకు చాలామంది డాక్టర్లు స్టెరాయిడ్‌తో పాటు నెపాఫెనాక్ లాంటి స్టెరాయిడ్ కాని వాపు తగ్గించే చుక్కలు కూడా రాస్తారు. అమ్మగారికి రాయకపోతే తప్పు జరిగిందని కంగారు పడొద్దు. రెటీనా పరిస్థితిని బట్టి సర్జన్ నిర్ణయిస్తారు, తర్వాతి చెకప్‌లో ఒక్కమాట అడగండి.

మీ భయానికి వస్తాను. స్టెరాయిడ్ చుక్కలతో అసలు ప్రమాదం కంటి ప్రెషర్ పెరగడం. ఎక్కువమందికి ఏమీ కాదు. సుమారు మూడో వంతు మందిలో ప్రెషర్ కొంత పెరుగుతుంది, నూటికి ఐదారుగురిలో మాత్రం బాగా పెరుగుతుంది. సాధారణంగా రెండు వారాలు దాటి వాడాక ఇది బయటపడుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపులో తేడా తెలియదు. లోపల కంటి నరం మాత్రం దెబ్బతింటూ ఉంటుంది. ప్రెషర్ కొలిస్తే తప్ప తెలిసే దారి లేదు కాబట్టి, బాగానే ఉంది కదా అని చెకప్ ఎగ్గొట్టొద్దు. అమ్మగారికి గాని, ఆవిడ తోబుట్టువులకు గాని నీటికాసుల జబ్బు (గ్లాకోమా, అంటే ఇలా కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నా, చిన్నప్పటి నుంచి ఎక్కువ మైనస్ పవర్ అద్దాలు వాడుతున్నా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లలో కూడా ఇలా పెరిగే అవకాశం కాస్త ఎక్కువే. పెరిగినట్టు తేలితే మందు మారుస్తారు, లేదా ప్రెషర్ తగ్గించే చుక్కలు కలుపుతారు. సమయానికి పట్టుకుంటే చాలామందిలో స్టెరాయిడ్ ఆపిన కొద్ది వారాల్లో ప్రెషర్ మామూలు స్థితికి వచ్చేస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది గడువు అయిపోయాక జరిగే వాడకం. కోర్సు ముగిసిన కొన్ని నెలలకు కన్ను కాస్త దురద పెడుతుంది. పాత చీటీ తీసుకుని మందుల షాపుకు వెళితే అదే సీసా మళ్లీ ఇస్తారు. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, దాంతో అలవాటైపోతుంది. నెలల తరబడి అలా వేసుకుని, పక్క చూపు పోయాక, గోడో మనిషో తగిలాక వచ్చేవాళ్లు ఉన్నారు. నీటికాసుల వల్ల పోయిన చూపును ఏ ఆపరేషనూ వెనక్కి తేలేదు. మిగిలిన మందును కళ్లకలక వచ్చిందని ఇంట్లో పిల్లలకు వేయడం కూడా అంతే ప్రమాదం. నల్లగుడ్డు మీద హెర్పిస్ వైరస్ పుండు గాని, ఫంగస్ పుండు గాని ఉంటే, స్టెరాయిడ్ చుక్క పడగానే అది లోతుకు పాకుతుంది. బయటికి మాత్రం ఎరుపు తగ్గినట్టే ఉంటుంది.

షుగర్ సంగతి. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు షుగర్‌ను బాగా పెంచుతాయి. కంటి చుక్కల్లో మందు చాలా తక్కువ, అందులోనూ రక్తంలోకి చేరేది కొద్దిగానే. చెప్పిన మోతాదులో వాడితే షుగర్ మీద పెద్దగా తేడా ఉండదు. అయినా ఈ ఆరు వారాలూ మామూలుగా చూసుకునే దానికంటే కాస్త తరచుగా షుగర్ చూసుకోండి. ఇది చుక్కల భయంతో చెబుతున్నది కాదు. షుగర్ అదుపులో ఉంటేనే గాయం త్వరగా మానుతుంది, ఇన్‌ఫెక్షన్ ముప్పు తగ్గుతుంది.

గొంతులో చేదు మంచి పరిశీలన. కంటి లోపలి మూలలో, ముక్కు పక్కన, కన్నీరు ముక్కులోకి దిగే సన్నని దారి ఉంటుంది. చుక్క మందు ఆ దారిన ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి జారుతుంది. చేదు తగిలిందంటే కంటిలో ఉండాల్సిన మందులో కొంత గొంతులోకి పోయిందన్నమాట. చుక్క వేశాక కన్ను నెమ్మదిగా మూయించి, ఆ మూలను చూపుడు వేలితో ముక్కు ఎముక వైపు రెండు నిమిషాలు అదిమి పట్టమనండి. కనుగుడ్డు మీద మాత్రం ఒత్తిడి పడకూడదు. ఇలా చేస్తే చేదు తగ్గుతుంది, మందు కంటిలో ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తంలోకి చేరేదీ తగ్గుతుంది. కన్ను గట్టిగా బిగించినా, టపటపా ఆర్పినా మందు బయటికి పోతుంది.

వేసే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే మందు సరైనదే అయినా కంట్లో పడక పనిచేయని సందర్భాలు చాలా చూస్తుంటాం. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోండి. ప్రెడ్నిసొలోన్ సీసా పాలలా తెల్లగా ఉంటుంది. మందు అడుగున పేరుకుపోయే రకం అది. ప్రతిసారీ బాగా కుదపాలి, లేకపోతే మొదటి వారాల్లో పలచని నీరు, చివర్లో చిక్కటి మందు పడుతుంది. అమ్మగారిని వెల్లకిలా పడుకోబెట్టి పైకి చూడమనండి. కింది రెప్పను బుగ్గ మీదుగా కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. అందులో ఒకే ఒక్క చుక్క. సీసా మొన రెప్పకూ, వెంట్రుకలకూ తగలకూడదు. తగిలితే క్రిములు సీసాలోకి చేరతాయి. రెండు చుక్కలు వేస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోవద్దు. ఒక్క చుక్కే కంటి సంచిలో పట్టే దానికంటే ఎక్కువ, రెండోది బుగ్గ మీదికి కారిపోతుంది.

రెండు మందులూ వెంటవెంటనే వేయొద్దు. రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. కనీసం ఐదు నిమిషాలు ఆగండి. ముందు నీళ్లలా ఉండే యాంటీబయాటిక్, తర్వాత పాలలా ఉండే స్టెరాయిడ్ వేయండి. ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికంటే చివర. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి. తర్వాతి చుక్కకు సమయం అయిపోతే వదిలేయండి, రెండు పూటలవీ కలిపి వేయొద్దు. కొందరికి యాంటీబయాటిక్, స్టెరాయిడ్ రెండూ ఒకే సీసాలో ఉన్న మందు రాస్తారు. మీరు వాడేది అది కాదు కాబట్టి, అలాంటి సీసా వాడే వాళ్లు చెప్పిన లెక్కను అమ్మగారికి వర్తింపజేయకండి.

సీసా మూత తీసిన రోజే దాని మీద తేదీ రాసి పెట్టండి. చాలా చుక్కల మందులను తెరిచిన నాలుగు వారాలకు పారేయమని లేబుల్ మీద ఉంటుంది. ఆరు వారాల కోర్సుకు రెండో సీసా అవసరం కావచ్చు, ఈ విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. చెవి చుక్కలు, బంక సీసాలు ఉన్న చోట వీటిని పెట్టకండి. చూపు సరిగ్గా లేని వేళ ఒకటి బదులు ఇంకొకటి కంట్లో పడిన ప్రమాదాలు నిజంగా జరిగాయి.

చుక్క వేసినప్పుడు కాస్త మంట, కంట్లో ఇసుక ఉన్నట్టు గరగర మామూలే. కానీ తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, చూపు నిన్నటికంటే తగ్గినా, ఎరుపు ఎక్కువైనా, రెప్ప వాచినా, చీములాంటి ఊసులు వచ్చినా చెకప్ తేదీ కోసం ఎదురుచూడొద్దు. అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరును కలవండి, రాత్రయితే ఎమర్జెన్సీకి వెళ్లండి. లోపలి ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా మొదటి ఒకటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. గంటల ఆలస్యం కూడా చూపు మీద ప్రభావం చూపుతుంది. కళ్ల ముందు మెరుపులు, నల్లని చుక్కల వాన, తెర కమ్మినట్టు ఉండటం కూడా అంతే అత్యవసరం.

రెండో కంటికి ఆపరేషన్ చేయించాల్సి వస్తే ఈ కోర్సులో మిగిలిన సీసాలను దానికి వాడొద్దు, కొత్తవి తెరవాలి. మొదటి కంటికి స్టెరాయిడ్ వాడినప్పుడు ప్రెషర్ పెరిగి ఉంటే ఆ చెకప్ కాగితాలు వెంట తీసుకెళ్లండి. రెండో కన్ను కూడా అలాగే స్పందించే అవకాశం ఎక్కువ కాబట్టి, సర్జన్ ప్రెషర్‌ను తక్కువగా పెంచే వేరే స్టెరాయిడ్‌ను ఎంచుకోగలరు.