స్టింగ్ తొలి సోలో ఆల్బమ్ ద పోలీస్ పాటల్లా ఎందుకు వినిపించదు?

ఇంగ్లండ్ గాయకుడు స్టింగ్ 1985లో విడుదల చేసిన తొలి సోలో ఆల్బమ్ ‘ద డ్రీమ్ ఆఫ్ ద బ్లూ టర్టిల్స్’ ఆయన పాత బృందం ద పోలీస్ రికార్డులకు భిన్నంగా వినిపించడానికి ప్రధాన కారణం రచయిత మారడం కాదు, వాద్యకారులు మారడం.

ద పోలీస్‌లో ఉన్నది ముగ్గురే: స్టింగ్ బేస్ గిటార్ వాయిస్తూ పాడేవారు, ఆండీ సమ్మర్స్ గిటార్, స్టూవర్ట్ కోప్‌లాండ్ డ్రమ్స్ వాయించేవారు. వాద్యాలు తక్కువ కావడంతో పాటలో ఖాళీ మిగిలేది. జమైకా సంగీత శైలి అయిన రెగే నుంచి తెచ్చుకున్న లయకు ఆ ఖాళీయే బలం. సోలో ఆల్బమ్‌లో శాక్సోఫోన్‌కు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్, కీబోర్డులకు కెన్నీ కర్క్‌లాండ్, డ్రమ్స్‌కు ఒమర్ హకీమ్ వంటి జాజ్ నేపథ్యం గలవారిని తీసుకుని, బేస్‌ను కూడా డారిల్ జోన్స్‌కు అప్పగించి, స్టింగ్ ఎక్కువగా గిటార్‌కు మారారు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే.

‘షాడోస్ ఇన్ ద రెయిన్’ పాటను రెండు రూపాల్లోనూ వింటే తేడా తెలుస్తుంది. ద పోలీస్ 1980 నాటి ఆల్బమ్‌లో అది నెమ్మదిగా, ప్రతిధ్వనులతో మసకగా సాగుతుంది; 1985లో అదే పాట వేగమైన జాజ్ నడకతో పరుగెడుతుంది.

బృందంలో ముగ్గురూ సమానంగా పాటలు రాసేవారని, విడిపోయాకే స్టింగ్ సొంతంగా రాయసాగారని చాలామంది భావిస్తారు. నిజానికి ద పోలీస్ పాటల్లో అధిక భాగం ఆయన రాసినవే. అలాగే ఇది జాజ్ ఆల్బమ్ అనడమూ సరికాదు. జాజ్ వాద్యకారులు వాయించిన పాప్ పాటల ఆల్బమ్ ఇది.