ఫుల్ సైజ్ పిస్టల్, థ్రెడెడ్ బ్యారెల్: ఏది తీసుకోవాలి?

మీరు అడిగింది ఇది: రేంజ్‌లో అద్దె పిస్టల్స్‌తో చెయ్యి అలవాటైంది, ఇప్పుడు సొంతంగా 9 ఎంఎంలో ఒక ఫుల్ సైజ్ సెమీ ఆటోమేటిక్ కావాలి, ముందు ముందు సప్రెసర్ (కాల్పుల శబ్దం తగ్గించే గొట్టం) పెట్టుకునేలా థ్రెడెడ్ బ్యారెల్, అంటే మూతి దగ్గర మర ఉన్న బ్యారెల్, ఉండాలి. గ్లాక్ 17, ఎఫ్ఎన్ 509 టాక్టికల్, బెరెట్టా ఎం9ఏ3 మధ్య తేల్చుకోలేకపోతున్నారు. ఈ మూడూ నేను సప్రెసర్‌తోనూ, లేకుండానూ కాల్చాను. నా దగ్గరున్నది గ్లాక్. అలాగని గ్లాకే కొనమని చెప్పబోవడం లేదు.

పిస్టల్ సంగతికి ముందు చట్టం సంగతి. మీరు అమెరికాలో హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడమూ నిషేధమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, వాటి మీద ఆధారపడే ముందు లాయర్‌తో మాట్లాడండి, మన కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపు మాట నమ్మకండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. రాష్ట్రం కూడా చూసుకోవాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో ఊడదీసే మ్యాగజైన్ ఉన్న సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కు థ్రెడెడ్ బ్యారెల్ ఉంటే చాలు, దాన్ని అసాల్ట్ వెపన్ లెక్కలో వేస్తారు. అక్కడుంటే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయడమే.

సరే, ఇవన్నీ దాటారనుకుందాం. అందరూ బ్యారెల్ దగ్గర మొదలుపెడతారు, నేను చేతి దగ్గర మొదలుపెట్టమంటాను. పిస్టల్‌లో సులువుగా మార్చుకోగలిగే భాగాల్లో బ్యారెల్ ఒకటి. గ్లాక్ 17 స్లైడ్ ఊడదీసి, రికాయిల్ స్ప్రింగ్ తీసి, పాత బ్యారెల్ బదులు థ్రెడెడ్ బ్యారెల్ పెట్టడానికి కాసేపు చాలు, గన్‌స్మిత్ అక్కర్లేదు. గ్రిప్ వాలు, ట్రిగ్గర్ తీరు అలా కాదు. అవి నచ్చకపోతే ఎన్ని విడిభాగాలు కొన్నా నచ్చవు. కాబట్టి షాపులో పిస్టల్ ఖాళీగా ఉందని అమ్మేవాళ్లు చూపించాక, మీరూ చాంబర్ (తూటా కూర్చునే చోటు) చూసుకుని, పట్టుకుని కళ్లు మూసుకోండి. గోడ మీద సురక్షితమైన చోటికి గురిపెట్టినట్టు చెయ్యి చాపి కళ్లు తెరవండి. ముందు సైట్ (గురి చూసే గుర్తు) వెనక సైట్ గాడిలో దానంతటదే కూర్చుందా, పైకి లేచి ఉందా? గ్లాక్ నా స్నేహితుడి చేతిలో ప్రతిసారీ మూతి పైకెత్తేది. అతను ఎఫ్ఎన్ తీసుకుని హాయిగా ఉన్నాడు.

బెరెట్టా కథ వేరు. అల్యూమినియం ఫ్రేమ్, మిగతా రెండిటికన్నా బాగా బరువు. మొదటి షాట్‌కు ట్రిగ్గర్ పొడవుగా, గట్టిగా లాగాలి, రెండో షాట్ నుంచి చిన్నగా, తేలిగ్గా. చాలామందికి ఈ తేడా అలవాటు కావడానికే నెలలు పడుతుంది. అలవాటైతే మాత్రం దానంత మెత్తగా కాలే 9 ఎంఎం నేను ఎక్కువ చూడలేదు.

ఇక సప్రెసర్ దగ్గరికి వస్తే బెరెట్టాకు ఒక సౌలభ్యం ఉంది. గ్లాక్, ఎఫ్ఎన్ లాంటి పిస్టల్స్‌లో కాల్చగానే బ్యారెల్, స్లైడ్ కలిసి కొంచెం వెనక్కి జరుగుతాయి. ఆ తర్వాత బ్యారెల్ వెనక భాగం కిందికి వాలి లాక్ వదులుతుంది, స్లైడ్ ఒక్కటే ఇంకా వెనక్కి పోయి ఖాళీ కేస్‌ను (కాలిన తూటా తొడుగును) విసిరేస్తుంది. బ్యారెల్ మూతికి సప్రెసర్ బరువు వేలాడితే ఈ కదలిక మందగిస్తుంది, కేస్ బయటికి పోకుండా ఇరుక్కుంటుంది. అందుకే పిస్టల్ సప్రెసర్లలో బూస్టర్ అనే స్ప్రింగు, పిస్టన్ ఏర్పాటు ఉంటుంది. నీల్సన్ డివైస్ అన్నా అదే. షాట్ పేలిన ఆ క్షణం సప్రెసర్ బరువు బ్యారెల్ మీద పడకుండా చేస్తుంది. బెరెట్టాలో బ్యారెల్ వాలదు, తిన్నగా వెనక్కి వెళ్తుంది, కింద ఉన్న లాకింగ్ బ్లాక్ మాత్రమే దిగుతుంది. నేను దాన్ని కూడా బూస్టర్‌తోనే కాల్చాను, ఎక్కడా తడబడలేదు. గ్లాక్ కూడా బూస్టర్ పిస్టన్‌కు గ్రీజు రాసినంత కాలం బాగానే నడుస్తుంది. గ్రీజు ఎండిపోయిన రోజు నుంచి గొడవ మొదలు.

అందరూ తొందరపడి దాటేసే విషయం మర కొలత. అమెరికాలో 9 ఎంఎంకు మామూలుగా వాడేది 1/2×28, అంటే అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 మరలు. యూరప్ పద్ధతిలో 13.5×1 (మిల్లీమీటర్లలో) ఎడమ మర ఉంటుంది, అంటే మామూలు దిశకు వ్యతిరేకంగా తిప్పాలి. హెక్లర్ అండ్ కోచ్ 9 ఎంఎం టాక్టికల్ మోడల్స్ ఇలాంటివే. గ్లాక్ కంపెనీ సొంతంగా అమ్మే థ్రెడెడ్ బ్యారెల్స్‌లోనూ ఈ ఎడమ మర కనిపిస్తుంది, కాబట్టి ప్యాకెట్ మీద చదివే కొనండి. .45 ఏసీపీలో .578×28 ఎక్కువ. మర తేడా వచ్చినంత మాత్రాన కొంప మునగదు, సప్రెసర్‌కు పిస్టన్ మార్చుకుంటే సరిపోతుంది. అయితే ఆ పిస్టన్ విడిగా కొనాలి. సప్రెసర్ బిగించాక ఒక్క షాట్ కూడా కాల్చకముందే, ఖాళీ పిస్టల్‌లో అలైన్‌మెంట్ రాడ్ దూర్చి అది సప్రెసర్ రంధ్రం మధ్యలోంచే వస్తోందో లేదో చూడండి. ఓ పక్కకు జరిగి ఉంటే బుల్లెట్ లోపలి బ్యాఫిల్స్‌ను (అడ్డు పలకలను) తాకుతుంది. ఆ బ్యారెల్‌తో కాల్చకండి.

మామూలు సైట్స్ సప్రెసర్ వెనక దాక్కుంటాయి. టార్గెట్ వైపు చూస్తే కనిపించేది నల్లటి గొట్టం మాత్రమే. ఎఫ్ఎన్ 509 టాక్టికల్‌కు ఎత్తయిన సైట్స్, రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే చిన్న అద్దం) పెట్టుకునే కోత ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. బాక్స్ తెరిస్తే అన్నీ ఉండాలనుకునేవాళ్లకు ఈ మూడింట్లో అదే సరైనది. గ్లాక్‌కైతే ఎత్తు సైట్స్ వేయించాలి, లేదా రెడ్ డాట్‌కు వీలున్న ఎంఓఎస్ మోడల్ తీసుకోవాలి.

సప్రెసర్ లేనప్పుడు మరను కాపాడే చిన్న మూత, థ్రెడ్ ప్రొటెక్టర్, కాల్చేకొద్దీ మెల్లగా వదులవుతుంది. మ్యాగజైన్ అయిపోయి, చాంబర్ ఖాళీ అని చూసుకున్నాక వేలితో తిప్పి చూస్తే సగం విప్పుకుని ఉండటం నాకు మామూలే. లోపల రబ్బరు రింగ్ ఉన్నది కొంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. శుభ్రం చేసేటప్పుడు కూడా చాలా పిస్టల్స్‌లో ముందు ఈ మూత విప్పితేనే బ్యారెల్ స్లైడ్‌లోంచి బయటికొస్తుంది.

తూటాల విషయం: 115 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) 9 ఎంఎం బుల్లెట్లు ఎక్కువగా ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 1,125 అడుగులను, దాటిపోతాయి. సప్రెసర్ ఉన్నా గాలిలో ఫట్‌మనే ఆ శబ్దం ఉండనే ఉంటుంది. 147 గ్రెయిన్ సబ్‌సోనిక్ (ధ్వని వేగం దాటనిది) వాడితే తేడా వెంటనే తెలుస్తుంది. సినిమాల్లోలా కిచుక్ అని మాత్రం రాదు, చెవి రక్షణ తీయకండి. ఇంకోటి, గ్యాస్ వెనక్కి కొడుతుంది. ఓ పూట కాల్చి కళ్లజోడు తీస్తే అద్దం మీద మసి చుక్కలు కనిపిస్తాయి. పిస్టల్ కూడా మామూలు కన్నా చాలా త్వరగా మురికి పడుతుంది.

సప్రెసర్ కాగితాలు: 1934 నుంచి ఉన్న 200 డాలర్ల ట్యాక్స్ 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. అయితే రిజిస్ట్రేషన్, వేలిముద్రలు, ఫోటో, ఫారం 4 (ఫెడరల్ దరఖాస్తు) అనుమతి అలాగే ఉన్నాయి. అది వచ్చేదాకా సప్రెసర్ డీలర్ దగ్గరే.

ఇక నా తీర్పు. ఆరు నెలల్లో సప్రెసర్ కొంటాననే నమ్మకం ఉంటే, గ్రిప్ చేతికి కుదిరితే, ఎఫ్ఎన్ తీసుకోండి. "ఎప్పుడో ఒకప్పుడు" అనే ఆలోచన అయితే మామూలు గ్లాక్ 17 కొని, మిగిలిన డబ్బుతో తూటాలు, ఒక మంచి క్లాసు తీసుకోండి, బ్యారెల్ తర్వాత కొనొచ్చు. రెండు రకాల ట్రిగ్గర్ నచ్చి, బరువు భారం అనిపించకపోతే బెరెట్టా. ఏది కొన్నా హోల్‌స్టర్ అడుగు తెరిచి ఉన్నదే అడగండి. మూసి ఉన్నవాటిలో బయటికి పొడుచుకొచ్చిన ఆ అర అంగుళం మర పట్టదు.